గడప ఇవతలి గొంతు

జ్యేష్ఠ శుద్ధ పంచమి, మంగళవారం. పైన వేడి యాభై రెండు.

నేను రాసే మనిషిని కాదు. పదో తరగతి పరీక్షల తర్వాత నేను కలం పట్టింది సరుకుల చీటీలు రాయడానికే. నా పని నోటి పని. దిగువబండలో పొద్దు చెప్పేది నేనే. ఈ ఉదయం ఆ నోరు కట్టేశారు. గుండెలో ఉన్నది ఎక్కడో ఒకచోట దించుకోకపోతే రాత్రికి అన్నం దిగేలా లేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు పాత నాపరాయి గనుల్లో ఉంది. పైన ఎండకు తాళలేక మా అత్తగారి కాలంలోనే అందరూ కిందికి దిగారు. ఇక్కడ తెల్లవారడం కంటికి కనబడదు. ఎవరో ఒకరు చెప్పాలి. తిథి ఏదో, పైన వేడి ఎంతో, ఏ వీధికి నీళ్ల వంతో, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో చెప్పి, చివర ఓబులేశుడికి ఒక దండం పెట్టిస్తాను. ఆ తర్వాతే వీధి దీపాలు వెలుగుతాయి. ఇరవయ్యో ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు నాకు యాభై. జలుబు చేసినా, జ్వరమొచ్చినా పొద్దు తప్పలేదు.

ఇవాళ పొద్దు చెప్పి మెట్లు దిగుతుంటే గడప అధికారి ఖాజాపీరు ఎదురొచ్చాడు. ఆ పిల్లవాడు పుట్టిన పొద్దు కూడా నేను చెప్పిందే.

"అమ్మా, కొంచెం కూర్చోండి."

"కూర్చోమంటే భయమేస్తాది నాయనా. నిలబడే వింటా, చెప్పు."

"పఠనశాలలో పెద్ద పలక ఉంది కదమ్మా, దాంట్లో గడప తెరుచుకుంది. ఒకసారి కాదు, చానాసార్లు. లోపల తడిమిన వేళ్లు చిన్నపిల్లలవి."

"అయ్యో! తెరిచింది ఎవరు?"

అతను నా కాళ్ల వైపు చూస్తూ అన్నాడు. "గొంతు మీదమ్మా."

గడప అవతల ఏముంటుందో రాయడానికి చెయ్యి రావడం లేదు. మనుషుల ఒంటిని అంగడి సరుకు చేసి చూపించే బొమ్మలు. పద్దెనిమిది నిండనివాళ్లకు అవి కనబడకూడదని మా ఊరి చట్టం. పలకలో వాటికి అడ్డం పెట్టిన తలుపే గడప. మొదట్లో ముఖం చూసి వయసు కట్టేవారు. పిల్లల ముఖాలు ఎవరెవరి చేతుల్లోకో పోయాయని తెలిశాక అది మానేశారు. పెద్దవాళ్లు గొంతెత్తి ప్రమాణం చేస్తేనే తెరుచుకునేలా మార్చారు. ఆ చట్టం కావాలని సభలో చెయ్యెత్తిన ఆడవాళ్లలో నేనొకదాన్ని. పెద్దవాళ్ల గొంతు ఎలా ఉంటుందో గడపకు నేర్పింది కూడా నా గొంతుతోనే. అబద్ధం ఎరగని గొంతు అన్నారు. ఆ రోజు ఎంత పొంగిపోయానో!

ఇప్పుడు పిల్లలకు గడప తెరిచిన మనిషిని నేనట. సభ తేల్చేదాకా నేను పొద్దు చెప్పకూడదు. ఊళ్లో గొంతు విని తెరుచుకునే ఏ తలుపూ, ఏ కుళాయీ ఇక నా మాట వినదు.

ఇంటికి వచ్చి "తలుపు తెరువు" అన్నాను. కదలలేదు. తట్టాను.

"ఎవరూ?" లోపలి నుంచి మా ఆయన సుబ్బరాయుడు. గాలి పంకాలు బాగుచేసే పని ఆయనది. ఊళ్లో మాట ఏదైనా పంకాల గొట్టంలోంచి ముందు ఆయన చెవినే పడుతుంది.

"నేను."

"నేనంటే? గొంతు లేనోళ్లు మా ఇంటికి యాల వచ్చినారబ్బా?"

"తెరువయ్యా."

తెరిచి ఇంత వెడల్పున నవ్వాడు. "ముప్పై ఏండ్లు నేను నోరు మూసుకోమంటే వినలే. సభోళ్లు ఒక్కసారి చెప్తే విన్నావే!" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన నవ్వు ఆపేశాడు. తనే కుళాయికి చెప్పి చెంబు నింపి నా ముందు పెట్టాడు.


జ్యేష్ఠ శుద్ధ సప్తమి, గురువారం. పైన వేడి యాభై మూడు.

ఈ ఉదయం నా గొంతు విని నిద్ర లేచాను. నేను మాట్లాడలేదు.

పొద్దు లేకుండా ఊరు నడవదు కదా. నా పాత మాటలు తీసుకుని, ఒకదానికొకటి అతికి, యంత్రం చేత చెప్పిస్తున్నారు. సప్తమి అన్న మాట ఎప్పటిదో, గురువారం అన్న మాట ఎప్పటిదో. గొంతు నాదే, ఊపిరి నాది కాదు. దేవుడికి దండం దగ్గర "నా వెంట చెప్పండి" అని కూడా అనింది. వీధిలో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. ఇంటికి ఒక్క వత్తే అని ఊరి కట్టుబాటు, గాలి పాడవకుండా. ఆ ఒక్క వత్తీ వెలిగించి ఓబులేశుడి ముందు ఊరికే కూర్చున్నాను.

గాలి గుడ్డలు ఉతికే రోజు ఇవాళ. గొట్టాలకు కట్టిన గుడ్డల్లో వారానికి ఇంత ఎర్రదుమ్ము చేరుతుంది. తొట్టి దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. నేను వెళ్లేసరికి మాటలు ఆగిపోయాయి. లాలెమ్మ మాత్రం ఆగలేదు.

"పొద్దున దండాలు పెట్టే నోరే మాపటికి గడపలు తెరుస్తాదంట. కలికాలం!"

"ఊరుకోవే లాలీ, ఆయమ్మ అట్లాటిది కాదు," అంది సాలమ్మ. ఆమె డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో ఎవరినైనా కసరగలదు.

"నేనేమంటిని? గొంతు ఆయమ్మదే అంటే ఆయమ్మదే అంటినంతే."

నేను గుడ్డలు పిండుకుని వచ్చేశాను. వచ్చేశానని రాశాను గానీ తొట్టి గది తలుపు ముందు నిలబడిపోయాను. నా మాట వినదు కదా. చివరికి లాలెమ్మే విసుక్కుంటూ లేచి తెరిచింది. ఎవరి దయ మీద గడప దాటాలో దేవుడే ఏర్పాటు చేస్తాడు.


జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి, సోమవారం. పైన వేడి యాభై మూడు.

ఉపవాసం. ఖాజాపీరు కబురు పెట్టి పిలిపించాడు.

"అమ్మా, గడపకు చెప్పిన ప్రమాణం మీకు వినిపిస్తా. నాకైతే ఇది కుట్టిన గొంతు అనిపిస్తాంది. మీ మాటలు ముక్కలు ముక్కలుగా కోసి అతికినారు."

నా మీద నుంచి బండరాయి లేచినట్టయింది. "అదే సభలో చెప్పు నాయనా! నా పేరు నిలబడతాది."

"చెప్తా. మీ పేరు నిలబడతాది. కానీ చట్టంలో ఒకటుంది. ఏ పెద్ద గొంతుతో గడప తెరుచుకుంటే శిక్ష ఆ పెద్దకు. గొంతు దొంగదని తేలితే మాత్రం శిక్ష ఆ పిల్లల ఇంటి పెద్దకు పోతాది. ఏడాది పాటు ఏ తలుపూ వాళ్ల మాట వినదు. ఎవరో మీరు గుర్తుపడితే నాకు చెప్పాల."

అప్పుడు వినిపించాడు. "నేను పెద్దదాన్ని. నా వెంట పిల్లలు లేరు. గడప తెరువు."

కళ్లు మూసుకుని విన్నాను. ఒక్కో ముక్క ఒక్కో పొద్దు. మొన్న మాఘంలో తిథి తప్పు చదివి, "నేను పెద్దదాన్ని అయిపోయాను, మన్నించండి" అన్నాను. మొదటి ముక్క అది. "నా వెంట" రోజూ అనేదే. "గడప తెరువు" పైకి పనికి వెళ్లేవాళ్ల కోసం పై తలుపుకు చెప్పేది. అవన్నీ ఎవరైనా తీసుకోగలరు.

"పిల్లలు" అన్న మాట మాత్రం వేరు. అందులో నవ్వు ఉంది.

మా దగ్గర పాత పొద్దులు దాచరు, ఏడాది తిరిగితే చెరిపేస్తారు. కానీ బిడ్డ పుట్టిన పొద్దును ఒక చిన్న డబ్బాలో పెట్టి ఆ ఇంటికి ఇచ్చేస్తారు. బారసాల నాడు వినిపిస్తారు, పెళ్లి నాడు వినిపిస్తారు. పద్నాలుగేళ్ల కిందట ఒకనాడు "మద్దిలేటమ్మకు ఆడబిడ్డ" అని చెబుతున్నాను. మంత్రసాని మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి "ఇంకొకడున్నాడు, ఇంకొకడున్నాడు!" అని నా కొంగు పట్టి లాగింది. నవ్వు ఆపుకోలేక "ఒక్కరు కాదంట, పిల్లలు!" అన్నాను. ఊరంతా నవ్వింది. ఆ మాట ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

సుంకులు, మల్లేశు. కవలలు. ఆ మాటలు కుట్టే నేర్పు మల్లేశుకు లేదు, వాడికి రెండు పూటలా అన్నం కనబడితే చాలు. పఠనశాల వదలని పిల్ల సుంకులు.

వాళ్లమ్మ మద్దిలేటమ్మ పైన కరెంటు ఇచ్చే ఎండ పలకల మీద దుమ్ము తుడిచే పని చేస్తుంది. మొగుడు పోయి చాలాకాలమైంది. దారిలో తలుపులు ఆమె గొంతు వినకపోతే పని లేదు, పని లేకపోతే ఆ ఇంటికి నీళ్ల వంతు కూడా సగమే.

"ఎవరో తెలిసిందామ్మా?" అన్నాడు ఖాజాపీరు.

అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఇవాళ ఏకాదశి నాయనా. ఇంకో రోజు అడుగు," అన్నాను. ఆ పిల్లవాడు నన్ను ఒక్క క్షణం చూసి, సరేనమ్మా అన్నాడు.


జ్యేష్ఠ శుద్ధ త్రయోదశి, బుధవారం. పైన వేడి యాభై నాలుగు.

బడి విడిచే వేళకు వీధిలో నిలబడ్డాను. సుంకులు నన్ను చూసి పక్క సందులోకి తిరగబోయింది.

"సుంకులూ, గాలి గుడ్డలు కట్టడానికి ఆ చివరిదాకా పోవాల. నా మాట తలుపులు వినవు కదమ్మా. తోడు రా."

కాదనలేక వచ్చింది. మా ఊళ్లో సొరంగానికి సొరంగానికి మధ్య తలుపులుంటాయి, చల్లగాలి పారిపోకుండా. మొదటి తలుపు దగ్గర పిల్ల "తలుపు తెరువు" అంది. తెరుచుకుంది. నేను పాత గుడ్డ విప్పి, ఉతికింది కట్టాను. రెండోదాని దగ్గర మళ్లీ అంది. మూడోదాని దగ్గర గొంతు తగ్గింది. తర్వాతి తలుపు ముందు నోరు తెరిచి మూసింది. తలుపు కదలలేదు. ఇద్దరం దాని ముందు అలాగే నిలబడ్డాం.

"నేనే పెద్దమ్మా," అంది.

"తెలుసు తల్లీ."

"ఎట్ల తెలిసె?"

"నువ్వు పుట్టిన పొద్దును కోసినావు కదా. ఆ నవ్వు నేను మర్చిపోతానా?"

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. దుమ్ము గుడ్డలతోనే ముక్కు తుడుచుకుంది, మూతంతా ఎర్రగా అయింది.

"ఏంటికి పోయినావమ్మా ఆడికి?"

"పెద్దమనిషినయినాక మాయమ్మను చానా అడిగినా. అలసిపోయినా, రేపు చెప్తా అనింది. రోజూ రేపే. టీచరమ్మను అడిగితే, అవన్నీ గడప అవతలి మాటలు, పిల్లలకు చెప్తే నా ఉద్యోగం పోతాది అనింది. మరి గడప అవతలికి పోతే చెప్తారనుకున్నా."

"చెప్పినారా?"

తల అడ్డంగా ఊపింది. "ఆడ ఎవురూ ఎవురితోనూ మాట్లాడరు పెద్దమ్మా. పేరు కూడా అడగరు. భయమై మూసేసినా. ఇంకో తావ చెప్తారేమోనని మళ్లీ పోయినా. మళ్లీ అంతే." మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. "పెద్దయితే అట్లే ఉండాల్నా? అట్లయితే నాకు పెద్దయ్యేదే వద్దు."

నా పెళ్లినాడు మా అమ్మ నాకిచ్చింది పసుపు కొమ్ము, "ఓర్చుకో" అన్న ఒక్క మాట. ఓబులేశా, నాకు నోరివ్వు అనుకుని మొదలుపెట్టాను.

"మీ పెదనాయన మొదటి రోజు నన్ను ఏమడిగినాడో చెప్పనా? నీకు భయమైతాందా అని అడిగినాడు. అయితాంది అంటిని. నాక్కూడా అన్నాడు. ఇద్దరం పకపకా నవ్వినాం. గోడ అవతల మా అత్త ఏమయింది ఏమయింది అని అరిచె."

సుంకులు ఏడుపులోనే నవ్వింది. "పెదనాయనకు భయమా?"

"ఇప్పటికీ భయమే. నువ్వు చూసినావే, ఆ బొమ్మల్లో ఆ అడగడం ఉండదు. ఆ నవ్వడం ఉండదు. అవి తీసేసి మిగతాది అమ్ముతారు. అందుకే చిన్నపిల్లల కంట పడగూడదని అంత గట్టిగా కాపలా. మనిషంటే అదే అనుకుంటారని."

తర్వాత పిల్ల అడిగినవన్నీ చెప్పాను. నెల నెలా ఏమవుతుందో, బిడ్డ ఎక్కడ పెరుగుతుందో, ఏది మామూలో, ఏది డాక్టరుకు చూపించాలో. నీ ఒళ్లు నీది, ఎవరైనా సరే నువ్వు వద్దంటే వద్దనే అని చెప్పాను. కొన్ని మాటలు యాభై ఏళ్లలో మొదటిసారి నా నోట వచ్చాయి. పైన బండ విరిగి పడలేదు. సొరంగం సొరంగంలానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు తలుపులన్నీ గట్టిగా పలికి తెరిచింది.


జ్యేష్ఠ పౌర్ణమి, శుక్రవారం. పైన వేడి యాభై రెండు.

సాలమ్మ మొగుడు, మా బాలన్న, నిన్న సాయంత్రం పోయాడు. నిండు వయసు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నిద్రలో పోయాడు. ఈ ఉదయం యంత్రం ఆ కబురు చెప్పింది. "బాలన్న పోయినాడు" అన్న మాట ఏ పాత పొద్దులోంచి తీసిందో, ఎవరింటికో మనవడు పుట్టిన సంతోషంలో చెప్పిన పొద్దులోదేమో, నవ్వుతూ చెప్పింది. నా గొంతు, నా నవ్వు, బాలన్న చావు.

వీధి వీధంతా బయటికి వచ్చింది. సాలమ్మ శవం పక్క నుంచి లేచి వచ్చి గోడలో పొద్దు వినిపించే గొట్టాన్ని చేత్తో మూసింది. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడి, దగ్గరున్న పదిమందికి వినబడేలా, యంత్రాలేవీ లేకుండా చెప్పాను. "బాలన్న పోయినాడు. ఎవరికీ కష్టం పెట్టకుండా పోయినాడు. నా వెంట దండం పెట్టండి." లాలెమ్మ అందరికన్నా ముందు చేతులు జోడించింది.

మధ్యాహ్నం మద్దిలేటమ్మ వచ్చింది. పై పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కనుబొమలు కూడా దుమ్మే.

"అక్కా, నా బిడ్డ అంతా చెప్పింది. సభలో నేనే లేచి చెప్తా."

"చెప్పొద్దు."

"నీ పేరు పోతాంటే నేనెట్ల నిద్రపోయేది?"

"నాకు తలుపు తీసేదానికి మొగుడుండాడు. నీకెవరుండారే?"

ఆమె దుమ్ము చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేను రేపు రేపు అంటిని అక్కా. చెప్పేదానికి నాకు మాటలు రాలే. నాకెవురు చెప్పినారు గనక?"

"నాకూ ఎవరూ చెప్పలే. మొన్ననే మొదలుపెట్టినా. కూర్చో, సంగటి తిను."

మా ఆయన పంకా పక్కనుంచి తల బయటపెట్టాడు. "మద్దిలేటీ, తినమ్మా. నేను మొగుణ్ణి కాదు, తలుపునంట. ఇంగ కుళాయిని కూడా నేనే."


జ్యేష్ఠ బహుళ తదియ, సోమవారం. పైన వేడి యాభై.

సభ ముగిసింది. అక్షరాలు వంకర పోతే పోనీ, ఇవాళే రాయాలి.

సభ పెద్ద వరదయ్య అడిగాడు. "ఓబులమ్మా, గడప తెరిచిన గొంతు నీదేనా?"

"నాదే."

నేను ఇంకో మాట అనేలోపు సాలమ్మ లేచింది. మైలలో ఉన్న మనిషి, సభకు రాకూడదని ఎవరో అడ్డం వస్తే తోసుకుని వచ్చింది.

"నాదే అంటాది, పిచ్చిది! నా మొగుని చావును నవ్వుతా చెప్పింది కూడా ఈయమ్మ గొంతే కదా? ఈయమ్మ చెప్పిందా? మీరు కుట్టిచ్చినారు. మీరు కుట్టిచ్చగా లేనిది ఇంకెవరో కుట్టలేరా?"

సభ హోరెత్తింది. అవును, అవును అని నాలుగు వైపులా. వరదయ్య చెయ్యెత్తాడు. "సరే. ఓబులమ్మ తప్పు లేదు. గొంతు దొంగది. ఖాజాపీరూ, కుట్టింది ఎవరో పట్టుకో. శిక్ష ఆ ఇంటికి."

మూడో వరసలో మద్దిలేటమ్మ లేవబోవడం చూశాను. ఆమె కన్నా ముందు నేను మాట్లాడాను. నా మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. మెత్తగానే చెప్పాను. అందుకే కాబోలు అందరూ ముందుకు వంగి విన్నారు.

"వద్దు స్వామీ. పెద్దరికం ఎట్లుంటాదో గడపకు నేర్పింది నా గొంతుతో. మోసపోయింది నా గొంతుకే. చట్టంలో మొదటి మాట ఏముంది? ఏ పెద్ద గొంతుతో తెరుచుకుంటే శిక్ష ఆ పెద్దకు. ఆ మాట దగ్గరే ఆగండి. ఆ శిక్ష నేను తీసుకుంటా."

"నువ్వు తెరవలేదు కదమ్మా?"

"తెరవలేదు. పోయింది ఎవరో నాకు తెలుసు. చెప్పను. ఏంటికి పోయిందో మాత్రం చెప్తా. అడిగేదానికి పోయింది. ఒంటి సంగతి, పెండ్లి సంగతి, బిడ్డ ఎట్ల పుడతాదనే సంగతి. మనల్ని అడిగితే గడప అవతలి మాటలు అంటిమి. ఆ పిల్ల నమ్మి అవతలికి పోయె."

నెలసరి అన్నాను. గర్భసంచి అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. మగవాళ్లు బండ మీది గీతలు లెక్కపెట్టుకున్నారు. వెనక ఎవరో కిసుక్కుమంటే, "ఏందా నవ్వు? నువ్వు బండలో పుట్టినావా?" అని లాలెమ్మ గదమాయించింది.

"గడప ఉండాల్సిందే. ఇంకా గట్టిగా ఉండాల. గొంతు పంపితే తెరుచుకోగూడదు, మనిషి నడిచొచ్చి ముఖాముఖి చెప్తేనే తెరుచుకోవాల. కానీ గడప ఇవతల పిల్లలకు ఏం పెట్టినాం? ఖాళీ గది పెట్టినాం. ఈ పక్క ఒక మనిషిని కూర్చోబెట్టండి. అడిగితే చెప్పే మనిషి. అంతే నేనడిగేది."

టీచరమ్మ మెల్లగా చెయ్యెత్తింది. "చెప్తే ఉద్యోగం పోదని సభ మాట ఇస్తే, నేనూ కూర్చుంటా."

వరదయ్య గడ్డం గోక్కున్నాడు. నా కళ్లలోకి చూశాడు, తర్వాత ఒకసారి మూడో వరస వైపు చూశాడు. ఆయనకు అర్థమైందేమో, నాకు తెలియదు. ఖాజాపీరును ఆ పేరు అడగలేదు.

"శిక్ష ఓబులమ్మకే. వచ్చే జ్యేష్ఠం దాకా ఏ తలుపూ ఆయమ్మ మాట వినదు. ఆ ఏడాదీ పఠనశాలలో ఆడపిల్లలకు జవాబులు చెప్పే పని ఆయమ్మది, టీచరమ్మది. మొగపిల్లోళ్లకు..." అంటూ చుట్టూ చూసి, "సుబ్బరాయుడా, నువ్వూ ఖాజాపీరూ."

"నేనా?" అని మా ఆయన గావుకేక పెట్టాడు. "నాకే సగం తెల్దు గదయ్యా!"

"తెలిసిన సగం చెప్పు. మిగతా సగం నీ పెండ్లాన్ని అడుగు."

బాలన్న పోయిన తర్వాత ఊరు నవ్వడం అదే మొదలు. సాలమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

యంత్రం ఆపేయమన్నారు. ఏడాది పాటు పొద్దు ఎవరు చెప్పాలో నన్నే ఎంచమన్నారు. ఆలోచించాల్సిన పని లేదు. నా పొద్దులన్నీ విని, ఏ మాట ఏ రోజు ఎలా పలికానో చెవిలో పెట్టుకున్న మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. "మద్దిలేటమ్మ కూతురు సుంకులు," అన్నాను. పిల్ల గుంజ వెనకాల నక్కి ఉంది. పారిపోబోతే మల్లేశు పట్టుకున్నాడు.


ఆషాఢ శుద్ధ పాడ్యమి, ఆదివారం.

వేడి నేను రాయలేదు. ఇవాళ చెప్పాల్సింది నేను కాదు.

పన్నెండు రోజులు పంచాంగం నేర్పాను. తిథి తొందరగా అనేస్తుంది, నెమ్మది అంటే మరీ సాగదీస్తుంది. "నీలాగ రావడం లేదు పెద్దమ్మా" అంటే, "నాలాగ వచ్చే గొంతును ఆపేసినారు కదా, నీలాగ చెప్పు" అన్నాను. ఈ మధ్యలో రెండు శనివారాలు పఠనశాలలో కూర్చున్నాను. మొదటి వారం ఆడపిల్లలంతా గోడకు అంటుకుని నోరు విప్పలేదు. రెండో వారం ఆపలేకపోయాను. లాలెమ్మ మనవరాలు అడిగిన ప్రశ్నకు నాకే జవాబు తెలియక డాక్టరమ్మను పిలిపించాను. అవతలి గదిలో మా ఆయన ఏం చెబుతున్నాడో గానీ, గోడలోంచి నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. బయటికి వచ్చాక అడిగితే, "అడగడం నేర్పినానే, అనుమతి అడగడం. దాంట్లో నేను నిపుణుణ్ణి కదా, ముప్పై ఏండ్లాయె నీ దగ్గర" అన్నాడు.

ఈ ఉదయం చీకట్లో లేచి స్నానం చేసి కూర్చున్నాను. గొట్టంలో గరగర. ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. తర్వాత ఒక సన్నని గొంతు, వణుకుతూ.

"ఆషాఢ శుద్ధ... పాడ్యమి. ఆదివారం. పైన వేడి... పైన వేడి నలభై ఒకటి!" ఆగిపోయింది. ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు, "నిజమేనామ్మా?" అంది. వెనక మద్దిలేటమ్మ గొంతు, "నిజమేనే, మబ్బు పట్టింది, నేను చూసొచ్చినా, చెప్పు!" అని. ఊరు మొత్తం విన్నది. "పైన మబ్బు పట్టిందంట! వాన వచ్చేట్టుందంట!" అని నవ్వేసింది పిల్ల. ఆ నవ్వు నేను ఎరుగుదును. పద్నాలుగేళ్ల కిందట నా నోట్లోంచి వచ్చిన నవ్వే, ఇప్పుడు దాని సొంతదారు దగ్గరికి చేరింది.

నీళ్ల వంతు చెప్పడం మర్చిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

"నా వెంట చెప్పండి," అంది చివర. వీధి వీధంతా చెప్పింది. ఇన్నేళ్లలో నేను ఒకరి వెంట దండం చెప్పడం ఇదే మొదటిసారి. దీపాలు వెలిగాయి. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మా ఆయన "తెరువు" అన్నాడు. గాలిలో ఏదో తడి వాసన.

సుంకులూ, ఈ కాగితాలు నీకే ఇస్తున్నాను తల్లీ. వీటిలో నీ పేరు ఉంది, మీ అమ్మ పేరు ఉంది. సభలో దాచిన మాట ఇక్కడ దాచలేదు. నువ్వు పుట్టిన పొద్దు ఉన్న డబ్బా ఉంది కదా, దాంట్లో అడుగున పెట్టు. ఎవరికీ చూపించవద్దు. చించేయవద్దు కూడా. ఎప్పుడైనా నీ దగ్గరికి ఒక పిల్ల వచ్చి, నీకు చెప్పడానికి నోరు రాని ప్రశ్న అడిగినప్పుడు, ఒకసారి తీసి చదువుకో. మళ్లీ లోపల పెట్టేయ్.